జపాను పాటకు హెడ్‌ఫోను ఎన్నుకొనుట

ఇంటికొక రేడియో యున్న దినములలో పాట యందరిది. ముందుగదిలో బల్లమీద రేడియో మ్రోగుచుండగా వంటయింటిలోని తల్లియు, వాకిట మంచముపై కూర్చున్న తాతయు, పుస్తకము ముందర పెట్టుకొన్న పిల్లలును ఒకే పాటను వినెడివారు. నచ్చనివారు నచ్చలేదని చెప్పెడివారు. ధ్వని హెచ్చైనచో ఎవరో ఒకరు లేచి మీటను త్రిప్పి తగ్గించెడివారు. నేడు అదే యింటిలో నలుగురు నాలుగు పాటలు వినుచున్నారు. ఒకరి పాట మరియొకరికి వినబడదు. ఈ మార్పును తెచ్చినది హెడ్‌ఫోను. పిల్లవాడు ఏ పాట వినుచున్నాడో తెలియకపోవుట యటుంచి, ఎంత బిగ్గరగా వినుచున్నాడో కూడ పెద్దలకు తెలియదు. కనుక దానిని కొనునపుడే కొన్ని సంగతులు విచారించుట మంచిది. మేము ఈ ప్రసంగమున ముఖ్యముగా జపాను దేశపు పాప్, రాక్ పాటలను వినువారిని ఉద్దేశించి మాటలాడుదుము.

వరంగల్లులో జపాను పాట యేమిటని కొందరు నవ్వవచ్చును. పూర్వపు వరంగల్లు జిల్లాలోని చల్లగరిగె గ్రామమున పుట్టిన చంద్రబోసుగారు వ్రాసిన ‘నాటు నాటు’ పాట గల ‘ఆర్‌.ఆర్‌.ఆర్‌.’ చిత్రము 2022 అక్టోబరు 21న జపానులో విడుదలయ్యెను. మరుసటి సంవత్సరము మార్చిలో ఆ పాటకు ఆస్కారు బహుమానము వచ్చెను. 2024లో ఆ చిత్రకథను జపానులోని సుప్రసిద్ధమైన తకరజుకా నాటక సంస్థవారు రంగస్థలము మీదికెక్కించిరి. అందు పురుష పాత్రలను కూడ స్త్రీలే ధరింతురు. మన పాట అక్కడికి పోగా అక్కడి పాట యిక్కడికి రాకుండునా? 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ అను జపాను బొమ్మల చిత్రము తెలుగు మాటలతో కూడ మన దేశమున విడుదలయ్యెను. ఇట్టి చిత్రములను చూచిన పిల్లలు ఇంటికి వచ్చి అందలి పాటలను ఫోనులో వెదకి వినుచున్నారు. మాటకు అర్థము తెలియదు. అయినను పదింబది సార్లు విందురు. మన పెద్దలు సిలోను రేడియోలో హిందీ పాటలను విన్నది కూడ ఇంచుమించు ఇట్లే గదా.

ఈ పాటలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1961లో క్యూ సకమొతో అను యువకుడు పాడిన ఒక పాట, 1963 జూనులో అమెరికాలో ప్రథమస్థానము నందుకొనెను. అచ్చటివారు దాని అసలు పేరు నోరు తిరుగక ‘సుకియాకి’ అని పిలిచిరి. సుకియాకి యనగా మాంసముతో వండు ఒక వంటకము. పాటకును దానికిని ఏ సంబంధమును లేదు. 1970లో ‘హప్పీ ఎండ్’ అను వాద్యబృందమువారు, రాక్ సంగీతమును జపాను భాషలోనే పాడవచ్చునని చూపిరి. అంతవరకు అది ఇంగ్లీషుకే తగునని వాదించినవారు అక్కడ కొందరుండిరి. ఇక ‘జె-పాప్’ అను పేరు రేడియోవారు పెట్టినదే. 1988లో టోక్యోలో ప్రసారములు మొదలిడిన జె-వేవ్ అను ఎఫ్‌.ఎం. కేంద్రము, పాశ్చాత్య గీతముల నడుమ ఇమిడిపోగల స్వదేశ గీతములకు ఆ పేరుంచెను.

హెడ్‌ఫోను చరిత్ర యింకను పాతది. మన తాతల కాలమున క్రిస్టల్ సెట్టు అను రేడియో యుండెడిది. దానికి బ్యాటరీ లేదు, కరెంటు లేదు. గాలిలోని తరంగముల శక్తియే దానికాధారము. అంత స్వల్ప శక్తితో పెద్ద గొట్టము మ్రోగదు గనుక చెవులకు తగిలించుకొనియే వినవలసి యుండెను. అనగా రేడియో శ్రోతలు మొదట హెడ్‌ఫోను ధరించిన వారే. సంగీతమునకై రెండు చెవులకు వేరువేరు ధ్వనుల నిచ్చు స్టీరియో హెడ్‌ఫోనును 1958లో అమెరికాలో జాన్ కాస్ అను నాతడు వెలువరించెను. 1979 జూలై 1న జపానులో సోనీ వారి వాక్‌మన్ అమ్మకమునకు వచ్చెను. ఆ మొదటి వాక్‌మన్‌కు హెడ్‌ఫోను తగిలించు రంధ్రములు రెండు. పక్కన మనిషి యుండగా ఒక్కరే వినుట మర్యాద కాదని సంస్థ అధిపతి అకియో మొరితా శంకించుటయే అందులకు కారణము. తరువాత తరువాత ఆ రెండవ రంధ్రము మాయమైనది, ఆ శంకయు మాయమైనది.

ఇక పాట లోనికి వత్తము. మన బతుకమ్మ పాటను తలచుకొనుడు. అందు స్త్రీల కంఠములు, చప్పట్లు తప్ప వేఱు వాద్యము అక్కరలేదు. ఒక చప్పట్టుకును మరియొక చప్పట్టుకును నడుమ తెరపి యుండును, గాలి యుండును. నేటి జపాను పాటలో ఆ తెరపి లేదు. రెండు మూడు గిటారులు, క్రింద బేసు గిటారు, డోళ్ళు, కంచు తాళముల వంటి పళ్ళెములు, పియానో, వానిపై వయొలిన్ల వరుస, వీని కన్నిటికిని నడుమ సన్నని గొంతు. ఇవి యన్నియు ఒక్కమారే పరుగెత్తును. 2023లో యోఅసోబి అను జంట వెలువరించిన ‘ఐడల్’ అను పాటను వినినవారికి ఇది తెలియును. ఊపిరి తీసికొనుటకు గాయనికి చోటెక్కడ దొరకినదా యని మాకు ఆశ్చర్యము కలుగును. పైగా నేటి ముద్రణలో మెల్లని భాగమును పైకి లేపి, పెద్ద భాగమును నొక్కి, ఆద్యంతము ఒకే ఎత్తున నిలుపు పద్ధతి ప్రబలినది. సంత రద్దీలో అందరును ఒకే గొంతుతో అరచినట్లుండు ఈ శబ్దరాశిలో గొంతును విడదీసి చూపగలుగుటయే హెడ్‌ఫోను చేయవలసిన పని.

అందులకు భాష కూడ కారణము. తెలుగు అజంత భాష యని మనము చెప్పుకొందుము. జపాను భాషయు దాదాపు అజంతమే. మాటల చివర అచ్చు లుండును. హల్లుతో ముగియుట యన్నచో మన సున్న వంటి ఒక్క నకార ధ్వనికే చెల్లును. హ్రస్వ దీర్ఘములు మారిన అర్థము మారును. ‘ఒబసన్’ అన్నచో పిన్నియో అత్తయో. ‘ఒబాసన్’ అన్నచో అవ్వ. ద్విత్వము మారినను అంతే. ‘కితె’ అన్నచో ‘వచ్చి’ యని యర్థము. ‘కిత్తె’ అన్నచో తపాలా బిళ్ళ. ఆ ‘త్తె’ పలుకుటకు ముందు ఒక రెప్పపాటు నిశ్శబ్ద ముండును. గాయకుడు దానికి ఒక మాత్ర కాలము నిచ్చును. ఆ నిశ్శబ్దము వినబడినచో పాట నడక తెలియును. డోలు మ్రోత యందు అది పూడిపోయినచో నడక చెడును. అర్థము తెలియనివారికి కూడ ఆ నడకయే రుచి. మన చెవి హ్రస్వదీర్ఘములకును ద్విత్వములకును బాల్యము నుండి అలవడినది గనుక, ఈ విషయమున మనము ఇంగ్లీషు శ్రోతకంటె మంచి పరీక్షకులమని మేము నమ్ముచున్నాము.

హెడ్‌ఫోనులో నున్నది అయస్కాంతము, సన్నని తీగ చుట్ట, దాని కంటుకొన్న పలుచని పొర. విద్యుత్తు మారినకొలది పొర కదలును, గాలి కదలును. మనిషి చెవి సెకనుకు 20 కంపనముల నుండి 20,000 కంపనముల వరకు గల ధ్వనులను గ్రహించును. బేసు గిటారు అడుగు తీగ సెకనుకు ఇంచుమించు 41 సార్లు కంపించును. గొంతులోని అచ్చులకు రూపమిచ్చు ధ్వనులు కొన్ని వందల నుండి రెండు మూడు వేల వరకు నుండును. ‘స’, ‘ష’ వంటి ఊష్మముల బుసయు, పళ్ళెముల గలగలయు అయిదారు వేలును దాటిపోవును. చెవి నిర్మాణము వలన మూడువేల ప్రాంతపు ధ్వనులు మనకు తక్కినవానికంటె చుఱుకుగా తగులును.

బజారులో అమ్ముడుపోవు చౌక హెడ్‌ఫోనులలో పెక్కింటికి ఒక జబ్బు కలదు. అడుగు ధ్వనిని ఉబ్బించి, పై ధ్వనిని పదునుపెట్టి, నడుమ దానిని పల్లము చేయుదురు. అంగడిలో అర నిమిషము వినినవానికి ‘ఆహా, ఏమి దమ్ము!’ అనిపించుటకే ఈ యేర్పాటు. డప్పు దెబ్బ వంటి దానికి అది సరిపోవచ్చును. జపాను పాటకు మాత్రము అది రెండు విధముల చేటు. పల్లమైన నడిమి భాగమున గొంతు మునిగిపోవును. అసలే పదునుగా ముద్రించిన పై ధ్వనులు మఱింత పదునెక్కి, పది నిమిషములకు చెవి నొప్పిపెట్టును. కాబట్టి మేము చెప్పదలచిన దొక్కటే: నడిమి ధ్వని స్వచ్ఛముగా, సమముగా వినిపించుదానినే కొనుడు. బేసు ఉండవలెను, గాని అది డోలు కొట్టిన వెంటనే ఆగిపోవలెను. గోడ అవతల పెండ్లి బ్యాండువలె సాగకూడదు.

పరీక్షించుట ఎట్లు? అంగడివాడు వినిపించు పాటతో పరీక్షింపరాదు. అది తన సరుకు మెరయునట్లు అతడెన్నుకొన్న పాట. మీకు బాగుగా తెలిసిన మూడు పాటలను మీ ఫోనులోనే తీసికొని పొండు. ఒకటి గొంతు ప్రధానమైనది, ఒకటి గిటారులు దట్టముగా నున్నది, ఒకటి పాతది, నెమ్మదియైనది. రెండు హెడ్‌ఫోనులను పోల్చునపుడు రెండింటి ధ్వనిని సమానము చేయుట మరువరాదు. రెండింటిలో కొంచెము బిగ్గరగా మ్రోగునదియే మంచిదని చెవి భ్రమపడును. ఈ భ్రమ అనుభవజ్ఞులకును తప్పదు. మొదట గొంతును మాత్రమే వెంబడించుడు. పల్లవి విరుచుకొని వచ్చినపుడు కూడ అది చేజారకుండ నిలిచినదా? తరువాత బేసు గిటారు స్వరములను వేరువేరుగా లెక్కింపగలుగుదురా, లేక అంతయు ఒకే ఘుర్మనుటగా నున్నదా? చివరకు ‘స’కారములు గ్రుచ్చుకొనుచున్నవా? ఇట్లు ఇరువది నిమిషములు వినిన తరువాత తీసివేసినపుడు ‘అమ్మయ్య’ అనిపించినచో ఆ సరుకు అక్కడనే వదలి రండు. అంతసేపు విననీయని అంగడియైనచో, అక్కడ కొనకుండుటయే మంచిది.

రకముల సంగతి. వెనుక జాలి గల తెరపు రకము, వెనుక మూసిన రకము అని పెద్దవి రెండు. తెరపు రకములో పాట విశాలముగా వినబడును. గాని బయటి శబ్దమంతయు లోనికి, లోని పాటంతయు బయటికి పోవును. రాత్రి గదిలో ఒంటరిగా వినువారికి అది ఉత్తమము. నలుగురున్న యింటికి, వసతిగృహమునకు మూసినదే గతి. చెవి రంధ్రమున దూర్చుకొను చిన్న రకమునకు రబ్బరు టోపీ బిగువుగా అమరుటయే ప్రాణము. అమరనిచో బేసు కారిపోవును. వినువాడు అది తక్కువైనదని ధ్వనిని పెంచును. పెట్టెలో మూడు పరిమాణముల టోపీ లిత్తురు, మనవారు మొదట తగిలించి యున్నదానినే జీవితాంతము వాడుదురు.

తీగ యుండవలెనా? అదే ధరకు తీగ గల దానిలో ధ్వని బాగుండునని మా యభిప్రాయము. తీగ లేనిదానిలో బ్యాటరీకి, రేడియో భాగములకు కొంత సొమ్ము పోవును. బ్యాటరీ కొన్ని యేండ్లకు చచ్చును. అయితే నేటి ఫోనులు పెక్కింటికి తీగ రంధ్రమే లేదు గనుక చిన్న అడాప్టరును వేరుగా కొనవలసి యుండును. తీగ రకములో ‘ఓములు’ అను అంకెను చూడవలెను. 16 నుండి 40 వరకు గలవి ఫోనుతో చక్కగా నడుచును. 250, 300 గలవానికి ప్రత్యేకముగా యాంప్లిఫయరు కావలయును. బంగారు రంగున ‘హై-రెస్’ అను గుర్తు నొకదానిని కొన్ని పెట్టెలపై చూతుము. అది జపాను ఆడియో సంఘమువారిది. 40,000 కంపనముల వరకు పలుకునని దాని యర్థము. మన చెవి 20,000తోనే ఆగిపోవును గదా. పెద్దవారికైతే అంతయు లేదు. ఆ గుర్తును చూచి అదనపు సొమ్ము చెల్లింప నక్కరలేదు.

విద్యావంతులైన యువకులు మరియొక వాదము చేయుదురు. సోనీ వారు 1989లో స్టూడియోల కొఱకు ఎం.డి.ఆర్‌. సి.డి.900 ఎస్‌.టి. అను హెడ్‌ఫోనును తెచ్చిరి; జపాను స్టూడియోలలో గాయకుల తలలపై దశాబ్దముల పాటు కనబడినది అదియే. పాట అందులోనే తయారైనది కాబట్టి అందులోనే వినవలెనని వీరందురు. వాదము ఇంపుగనే యున్నది. గాని స్టూడియో పరికరము దోషములను వెదకుటకు చేసినది. తప్పు స్వరము, నోటి చప్పుడు, తీగ గీకుడు, అన్నియు అది వెలికిలాగి చూపును. కంసాలి భూతద్దముతో నగను పరీక్షించును. పెండ్లికూతురు ఆ భూతద్దము పెట్టుకొని అద్దము చూచుకొనదు. ఇంట గంటల తరబడి వినుటకు కొంచెము మెత్తనిదియే సుఖము.

పాటల తెగను బట్టి కూడ కొంత తేడా చేయవచ్చును. ‘నరుటో’ చిత్రమాలలో ఒక ప్రారంభగీతమును పాడిన ఏషియన్ కుంగ్-ఫు జెనరేషన్ వంటి రాక్ బృందములను వినువారు, పై ధ్వని కొంచెము తగ్గియున్న మూసిన రకమును తీసికొనిన గిటారులు రాపిడి పెట్టవు. 1970, 80 నాటి ‘సిటీ పాప్’ను, అనగా మికి మత్సుబారా, మరియా తకెఉచి, ఎఇచి ఒతాకి వంటివారిని వినువారి అదృష్టము వేఱు. ఆ ముద్రణలలో ఇంకను గాలి యాడుచున్నది. వానికి తెరపు రకము తగును. ఒతాకి ‘ఎ లాంగ్ వెకేషన్’ అను ఆల్బము 1981లో వచ్చెను. 1982 అక్టోబరులో ప్రపంచమున మొదట అమ్మకమునకు వచ్చిన కాంపాక్టు డిస్కులలో అదియు నొకటి. మొదటిసారి జపాను పాట వినగోరు పెద్దలకు మేము దానినే చూపుదుము.

ఇప్పుడు అసలు సంగతి. వీణ కచేరీలో ఒక్కొక్కపుడు ధ్వని పెరుగును, తఱచుగా తగ్గును. చెవికి విశ్రాంతి దొరకును. ఆద్యంతము ఒకే ఎత్తున ముద్రించిన పాటలో ఆ విశ్రాంతి లేదు. మీట అదే చోటున్నను చెవిపై పడు భార మెక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ప్రకారము, పెద్దలు 80 డెసిబెల్ ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. మూడు డెసిబెల్ పెరిగినచో కాలము సగమగును. 90 వద్ద వారమునకు నాలుగు గంటలే. 100 వద్ద ఇరువది నిమిషములే. పిల్లలకు 75నే హద్దుగా పెట్టిరి. నూరు కోట్లకు పైగా యువజనులు ఈ యపాయమునకు లోనగుచున్నారని ఆ సంస్థ హెచ్చరించుచున్నది. లోపలి చెవిలోని సూక్ష్మరోమ కణములు చచ్చినచో మరల మొలవవు. మొదట పోవునవి పై ధ్వనులు. అప్పుడు మాట వినబడును గాని ‘స’యో ‘త’యో తెలియదు. ఇరువదియేండ్ల పిల్లవాడు ‘ఏమిటి? ఏమిటి?’ అని రెండుసార్లు అడుగుచున్నచో, అశ్రద్ధ యని కోపపడక ముందు, వైద్యునిచేత చెవిని పరీక్ష చేయింపవలెను.

దీనికి హెడ్‌ఫోను ఎంపికతో సంబంధ మేమన్న, సంబంధ మున్నది. గొంతు స్పష్టముగా వినిపించు పరికరమును ధరించినవాడు తక్కువ ధ్వనికే తృప్తిపడును. నడుమ పల్లమైనదానిని ధరించినవాడు గొంతు కొఱకు మీటను పెంచుచునే పోవును. బయటి రొద కూడ ఇట్లే మీటను పెంచించును. కాజీపేట నుండి సికిందరాబాదు వరకు రైలులో పోవువారు చక్రముల మ్రోతను మించునట్లు పాట పెట్టుదురు. బయటి రొదను తగ్గించు రకములు అక్కడ నిజముగా పనికివచ్చును. రైలు మ్రోత, ఫ్యాను హోరు వంటి ఎడతెగని మంద్ర ధ్వనులను అవి బాగుగా అణచును. ప్రక్కవారి మాటలను అంతగా అణచలేవు. ఫోనులో పాటల ఎత్తును సమము చేయు ఏర్పాటును, గరిష్ఠ ధ్వనికి హద్దు పెట్టు ఏర్పాటును వెదకి పెట్టుకొనుట మరువకుడు. పట్టాలు దాటునపుడును, రోడ్డుపై బండి నడుపునపుడును ఏ రకమైనను చెవులకు ఉండరాదు.

మా యూరి యెండలకు తగిన మాట యొకటి చెప్పవలసి యున్నది. ఏప్రిలు, మే నెలలలో తోలువంటి మెత్తలు గల మూసిన హెడ్‌ఫోను అరగంటకే చెవులను చెమటలో ముంచును. ఆ కృత్రిమ తోలు వేడికి, చెమటకు రెండు మూడేండ్లలో పొరలు పొరలుగా రాలి, నల్లని పొట్టు మెడకు, చొక్కాకు అంటుకొనును. గుడ్డ మెత్తలు కొంత చల్లగా నుండును; గాని వానివలన బేసు కొంచెము తగ్గును. ఏదైనను మెత్తలు విడిగా దొరకునా, ఇంటిలో మనమే మార్చుకొనవచ్చునా యని కొనునపుడే అడుగుడు. దొరకనిచో, యంత్రము బాగుగనే యున్నను మెత్త చినిగిన నాడు మొత్తము పారవేయవలసి వచ్చును. వాడిన తరువాత పొడిగుడ్డతో తుడిచి, నీడపట్టున తగిలింపవలెను. కిటికీ యెండలోను, మధ్యాహ్నపు కారులోను విడిచిపెట్టకూడదు. తీగను ఫోను చుట్టు బిగించి చుట్టరాదు. వదులుగా మడిచి పెట్టినచో మొదట తెగునట్టి ఆ మొదలు భాగము చాలకాలము నిలుచును.